జ్వరం చీటీ మీది షుగర్ అంకె

వానాకాలం సగానికి వచ్చేసరికి నల్లగొండలో ఏ దవాఖానకు పోయినా మంచాలు నిండి ఉంటాయి. మునుగోడు, చండూరు, కనగల్, తిప్పర్తి దిక్కు నుంచి ఆటోల్లో తెస్తారు, బైకు మీద ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టుకొని తెస్తారు. ఎక్కువ మందిది మామూలు వైరల్ జ్వరం, కొందరిది డెంగీ. రిపోర్టు కోసం ల్యాబ్ కిటికీ దగ్గర నిలబడ్డ ఇంటివాళ్లు అడిగేది ఒకటే: ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నయి? కరోనా రెండో విడతలో ఆక్సిజన్ ఎంత, సీటీ స్కోరు ఎంత అని అడిగేవాళ్లు. షుగర్ ఎంత అని అడిగేది ముందునుంచే షుగర్ గోలీలు వేసుకుంటున్నవాళ్ల ఇంటివాళ్లే. మిగతావాళ్లకు ఆ ఊసే రాదు.

వైరల్ జ్వరంతో దవాఖానలో చేరిన ప్రతి మనిషికీ చేరిన గంటలోనే షుగర్ చూడాలని నేనంటాను. ఇంతకుముందు షుగర్ ఉందా లేదా, వయసెంత, మనిషి లావా సన్నమా అన్నవాటితో పని లేదు. మంచం మీద ఉన్నన్ని రోజులూ చూస్తూ ఉండాలి. ఇంటికి పోయాక మళ్లీ ఒకసారి చూడాలి. ఎక్కువ వచ్చిందంటే దాన్ని జ్వరంలో భాగంగానే చూడాలి. "ముందు జరం తగ్గనీ, షుగర్ సంగతి తర్వాత చూద్దాం" అనే మాట మా దగ్గర రోజూ వినపడుతుంది. ఇంటివాళ్లు అంటారు, ఒక్కోసారి తెల్లకోటు వేసుకున్నవాళ్లు కూడా అంటారు. ఈ వ్యాసం ఆ మాట మీదే.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని, డాక్టర్ని కాను. మందు రాయడం నా పని కాదు. కానీ రక్తం నా చేతుల మీదుగా పోతుంది. ఒకే మనిషి సీఆర్‌పీ (ఒంట్లో జబ్బుతో పోరు ఎంత ఉందో చెప్పే రక్త పరీక్ష), ఒకే మనిషి షుగర్ ఒకే పొద్దున నేనే చూసి ఒకే కాగితం మీద పంపుతాను. ఏళ్ల తరబడి ఆ కాగితాలు చూస్తుంటే ఒక సంగతి కంటికి ఆనకుండా ఉండదు. సీఆర్‌పీ బాగా ఎక్కిన మనిషికి, షుగర్ జబ్బు ఎన్నడూ లేదన్న మనిషికి కూడా, షుగర్ ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉంటుంది. సీఆర్‌పీ దిగుతున్న కొద్దీ చాలామందికి షుగర్ కూడా దిగుతుంది. ఈ రెండు అంకెలకు లోపల చుట్టరికం ఉంది.

వైరస్ ఒంట్లోకి రాగానే మన రక్షణ కణాలు ఐఎల్-6, ఐఎల్-1, టీఎన్‌ఎఫ్ అనే రసాయనాలు వదులుతాయి. జ్వరం రావడం, ఒళ్లు విరిచినట్టు ఉండడం, ఆకలి చావడం చాలావరకు వీటి పనే. ఐఎల్-6 లివర్‌కు చేరితే లివర్ సీఆర్‌పీ తయారుచేస్తుంది. అందుకే ఒంట్లో ఈ పోరు ఎంత జోరుగా ఉందో తెలుసుకోవడానికి మేం సీఆర్‌పీ కొలుస్తాం. డాక్టర్లు దీన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. దెబ్బ తగిలిన మోకాలు వాచి, ఎర్రబడి, వేడెక్కడం కంటికి కనిపిస్తుంది. గట్టి వైరల్ జ్వరంలో అలాంటిదే లోపల ఒళ్లంతా నడుస్తుంది.

ఇక ఇన్సులిన్ సంగతి. రక్తంలోని గ్లూకోజును కండరాల్లోకి, కొవ్వులోకి పంపడం, లివర్ తన నిల్వలోంచి గ్లూకోజు వదలకుండా ఆపడం దాని పని. టీఎన్‌ఎఫ్ లాంటివి పెరిగినప్పుడు ఇన్సులిన్ ఇచ్చిన ఆజ్ఞ కణం లోపలికి సరిగా అందదు. ఇన్సులిన్ ఉంటుంది కానీ దాని మాట చెల్లదు. అదే సమయంలో జ్వరం ఒత్తిడికి కార్టిసాల్, అడ్రినలిన్, గ్లూకగాన్ పెరుగుతాయి. ఇంకా గ్లూకోజు వదలమని లివర్‌ను అవి తొందరపెడతాయి. ఒక పక్క వాడకం తగ్గింది, మరో పక్క రాక పెరిగింది. మనిషి ఏమీ తినకపోయినా రక్తంలో షుగర్ ఎక్కుతుంది.

తినకపోయినా ఎక్కుతుందన్న ఈ ముక్కే మనవాళ్లకు మింగుడుపడదు. "మూడొద్దుల సంది గంజి తప్ప ఏం ముట్టలే సారూ, షుగర్ ఎట్ల పెరుగుతది? మీ మిషన్ కరాబైనట్టున్నది" అని ఒక పెద్దమ్మ కిటికీ దగ్గర నన్ను నిలదీసింది. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. షుగర్ అంటే తీపి తింటే వచ్చేది, అన్నం తింటే పెరిగేది అనే మనకు ఎవరైనా చెప్పారు. లివర్ తనంతట తానే గ్లూకోజు తయారుచేసి రక్తంలో పోస్తుందని, జ్వరం రోజుల్లో ఆ పని ఎక్కువవుతుందని చెప్పినవాళ్లు లేరు.

కొంతవరకు ఇది శరీరం కావాలని చేసుకునే ఏర్పాటే. పోరాడే కణాలకు గ్లూకోజు కావాలి, మెదడుకు కావాలి. రెండు రోజులు కొద్దిగా పెరిగి దిగిపోతే పెద్ద నష్టం లేదు. బాగా పెరిగి, పెరిగిన చోటే ఉండిపోతే కథ తిరగబడుతుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు ఎక్కువ షుగర్‌లో మందగిస్తాయి. క్రిములను వెంబడించి మింగే శక్తి తగ్గుతుంది. రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది, ఇన్‌ఫ్లమేషన్ ఇంకా రాజుకుంటుంది. అది మళ్లీ షుగర్‌ను పెంచుతుంది. ఒకదాన్ని వదిలేసి రెండోదాన్ని తగ్గిస్తామంటే కుదరకపోవడం ఇందుకే.

డెంగీలో ఇంకో చిక్కు ఉంది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. రక్తంలో షుగర్ సుమారు 180 దాటితే కిడ్నీలు దాన్ని మూత్రంలోకి వదలడం మొదలుపెడతాయి. షుగర్ పోయేటప్పుడు నీళ్లను కూడా వెంట లాక్కుపోతుంది. డెంగీలో జ్వరం దిగే రోజుల్లో, అంటే నాలుగో రోజు నుంచి ఆరో రోజు దాకా, రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోయే ప్రమాదం ఉంటుంది. ఆ రోజుల్లో మూత్రం ఎంత వస్తోందో చూసి, ఒంట్లో నీళ్లు సరిపోతున్నాయా లేదా అని డాక్టర్లు అంచనా వేస్తారు. షుగర్ 300 ఉన్న మనిషికి మూత్రం ధారాళంగానే వస్తుంది. ఇంటివాళ్లు సంతోషపడతారు, నర్సు చార్టు మీద మంచి అంకె రాస్తుంది. లోపల మాత్రం మనిషి ఎండిపోతుంటాడు. షుగర్ చూడకపోతే ఈ మోసం బయటపడదు. డెంగీ వచ్చినవాళ్లలో షుగర్ ఉన్నవాళ్లను ప్రమాద సూచనలు కనిపించకపోయినా దవాఖానలో పెట్టి చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లోనే ఉంది. మరి తనకు షుగర్ ఉందో లేదో తెలియని మనిషిని ఏ లెక్కలో వేయాలి?

తెలియనివాళ్లు ఎంతమందో ఊహించడం కష్టం కాదు. ఐసీఎంఆర్ దేశమంతా చేసిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, ఇంకో 13.6 కోట్ల మంది దాని గడప మీద ఉన్నారని ఆ అంచనా. గడప మీద ఉన్న మనిషిని జ్వరం ఒక్క తోపు తోస్తుంది.

కరోనా కాలంలో ఈ విషయం మీద ప్రపంచమంతా గట్టిగా పని జరిగింది. న్యూయార్క్ డాక్టర్లు 2021లో ప్రచురించిన పరిశోధనలో, కరోనాతో షుగర్ పెరిగినవాళ్లలో ముఖ్య కారణం ఇన్సులిన్ తయారు కాకపోవడం కాదని, ఉన్న ఇన్సులిన్ పనిచేయకపోవడమని తేలింది. కొవ్వు కణాలు వదిలే అడిపోనెక్టిన్ అనే మేలు చేసే హార్మోన్ వాళ్లలో బాగా తగ్గిపోయింది. 2022లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు కరోనాతో దవాఖానల్లో చేరిన రెండు వేల మందికి పైగా రోగుల లెక్కలు తీశారు. షుగర్ జబ్బు ఉన్నవాళ్లకు కరోనా ఎందుకంత ప్రాణాంతకమైందని వాళ్లు అడిగిన ప్రశ్న. జబ్బు ఉండడం వల్ల వచ్చే ముప్పులో పెద్ద భాగం ఇన్‌ఫ్లమేషన్ ద్వారానే నడుస్తోందని, అయితే దవాఖానలో ఉన్న రోజుల్లో షుగర్ ఎక్కువగా ఉండడం దానంతట అదే వేరే ముప్పని వాళ్లకు జవాబు వచ్చింది.

ఇది చదివినప్పుడు నాకు మా వార్డులే కళ్లముందు తిరిగాయి. మన దగ్గర జరిగేది సరిగ్గా దీనికి ఎదురు. షుగర్ జబ్బు ముందే ఉన్నవాళ్లకు పొద్దున, రాత్రి చూస్తారు. జబ్బు లేదని చెప్పినవాళ్లను అసలు చూడరు. ఆ రోజుల్లో ఎంత ఎక్కువగా ఉందన్నదే ఒక ముప్పు అయినప్పుడు, ముందు జబ్బు ఉందా లేదా అని అడిగి వదిలేయడం ఏం న్యాయం?

అంకె ఒక్కటే అయినా దాని వెనక మనుషుల కథలు వేరుగా ఉంటాయి. దేవరకొండ దిక్కు నుంచి డెంగీతో వచ్చిన ఒక బీఈడీ చదివే అమ్మాయికి చేరిన రోజు షుగర్ 214. తల్లి అక్కడే కూలబడి ఏడ్చింది, పెళ్లి కావాల్సిన పిల్లకు షుగర్ వచ్చిందని. హెచ్‌బీఏ1సీ చేస్తే 5.3 వచ్చింది. అది గడిచిన రెండు మూడు నెలల సగటు చెప్పే పరీక్ష, 5.7 లోపు ఉంటే మామూలు, 6.5 నుంచి షుగర్ కింద లెక్క. అంటే ఆ అమ్మాయికి పెరిగింది జ్వరం వల్లే. రెండు నెలల తర్వాత పరగడుపున 92 ఉంది. ఆ తల్లి మొహం వెలగడం చూశాను.

రెండో కథ మా ఇంటిదే. మా మేనమామది చండూరు దగ్గర ఒక ఊరు, బత్తాయి తోట ఉంది. 2021 మే నెలలో కరోనా వచ్చింది. ఫోన్లలో తిరిగే మందుల చీటీ చూసి జ్వరం మొదలైన రెండో రోజు నుంచే స్టెరాయిడ్ గోలీలు మింగడం మొదలుపెట్టాడు. "మామా, ఎవరు రాసిన్రు ఇవి?" అంటే, "ఊర్ల అందరు ఇవే మింగుతున్నరు అల్లుడా" అన్నాడు. ఆయాసంతో దవాఖానలో చేరేనాటికి షుగర్ 412. మా అత్తమ్మ ఇప్పటికీ అదే మాట: కరోనా వచ్చి నా మొగనికి షుగర్ అంటిచ్చి పోయింది. కానీ ఆ రోజు హెచ్‌బీఏ1సీ 9.8. ఆ కొద్ది రోజుల జ్వరం, ఆ కొద్ది రోజుల స్టెరాయిడ్ ఆ సగటును అంత పైకి లాగలేవు. మామకు ఏళ్లనుంచీ షుగర్ ఉంది. అరికాళ్ల మంటలను నరాల బలహీనత అనుకొని సూదులు వేయించుకున్నాడు. రాత్రిపూట నాలుగుసార్లు లేవడాన్ని వయసు అనుకున్నాడు. కరోనా దాన్ని బయటపెట్టింది, స్టెరాయిడ్ ఇంకా పైకి ఎగదోసింది.

ఆ అమ్మాయికి, మా మామకు ఒకే సలహా పనికిరాదు. ఒకరికి భయం తీసెయ్యాలి, ఇంకొకరికి జీవితమంతా జాగ్రత్త నేర్పాలి. ఎవరికి ఏది కావాలో విడదీసి చెప్పేది చేరిన రోజు తీసిన ఆ ఒక్క హెచ్‌బీఏ1సీ. దానికీ పరిమితి ఉందని చెప్పడం నా బాధ్యత. ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే అది ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపించవచ్చు, మన ఆడవాళ్లలో ఆ రక్తహీనత ఎంత ఉందో చెప్పనక్కర్లేదు. ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవాళ్లలోనూ లెక్క తప్పుతుంది. కాబట్టి హిమోగ్లోబిన్ రిపోర్టు పక్కన పెట్టుకొనే దాన్ని చదవాలి.

గ్లూకోజ్ బాటిల్ గురించి కూడా చెప్పాలి. "షుగర్ లేకుండె, గా గ్లూకోజ్ బాటిలు ఎక్కిచ్చినంకనే వచ్చింది" అనే మాట మా జిల్లాలో వినని రోజు ఉండదు. దాని మీద గొడవలు కూడా అయ్యాయి. అర లీటరు ఐదు శాతం డెక్స్‌ట్రోజ్ బాటిల్లో 25 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. ఒక పూట అన్నంలో ఉండే పిండిపదార్థం కంటే అది తక్కువే. ఆరోగ్యంగా ఉన్న ఒళ్లు దాన్ని సులువుగా సర్దుకుంటుంది. బాటిల్ షుగర్ జబ్బును పుట్టించదు. కానీ ఇన్సులిన్ మాట చెల్లని ఆ జ్వరం రోజుల్లో అదే 25 గ్రాములు రక్తంలోనే నిలిచి అంకెను పెంచగలవు. అందుకే ఏ బాటిల్ పెట్టాలో తేల్చడానికి ముందు షుగర్ చూడాలి. నార్మల్ సెలైన్‌లో, ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) అనే ఇంకోరకం ఉప్పునీటి బాటిల్లో గ్లూకోజు ఉండదు. అన్నీ ఒకేలా కనిపించే ప్లాస్టిక్ సీసాలే కాబట్టి మనవాళ్లు అన్నింటినీ గ్లూకోజే అంటారు.

నమూనా తీసేటప్పుడు జరిగే పొరపాట్లు కూడా ఈ భయాలకు కారణం. డెక్స్‌ట్రోజ్ ఎక్కుతున్న చేతి నుంచే, సూది పైభాగంలో రక్తం తీస్తే షుగర్ 500 కూడా రావచ్చు. అది రోగి షుగర్ కాదు, బాటిల్ షుగర్. రెండో చేతి నుంచి తీయాలి. వేలు పొడిచి చూసేటప్పుడు ఇంకొకటి. మనది బత్తాయిల జిల్లా. జ్వరం మనిషికి పక్కన కూర్చొని తొనలు ఒలిచి పెట్టని ఇల్లు ఉండదు. బత్తాయి రసం అంటిన వేలిని కడగకుండా పొడిస్తే స్ట్రిప్ ఆ రసాన్ని కూడా కొలుస్తుంది. సబ్బుతో కడిగి, తుడిచి, ఆరాక పొడవాలి. డెంగీలో రక్తం చిక్కబడితే గ్లూకోమీటర్ ఉన్నదానికంటే తక్కువ చూపించే అవకాశం ఉంది. బీపీ పడిపోయి చేతులు చల్లబడ్డ మనిషి వేలి రక్తాన్ని నమ్మకూడదు, నరం నుంచి తీసి ల్యాబ్‌లో చేయాలి. ఇవన్నీ మా ట్రైనింగులో మొదటి పాఠాలు. రద్దీలో మొదట జారిపోయేవీ ఇవే.

ఇప్పుడు డెక్సా సూది. ఇది రాయకపోతే మిగతాదంతా రాసి ప్రయోజనం లేదు. పల్లెల్లో అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది ఆర్ఎంపీలే. ఆ మేలు నేను కాదనను. పట్నంలో కూర్చొని వాళ్లను తిట్టడం నాకు నచ్చదు. కానీ జ్వరం అనగానే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ సూది వేసే అలవాటు చాలాచోట్ల ఉంది. వేసిన కొన్ని గంటల్లో జ్వరం దిగుతుంది, నొప్పులు పోతాయి, ఆకలి పుడుతుంది. హస్తవాసి మంచిదని పేరు వస్తుంది. లోపల జరిగేది వేరు. వైరస్ ఇంకా పెరుగుతున్న రోజుల్లో దాన్ని అడ్డుకునే కణాల చేతులు కట్టేసినట్టవుతుంది. షుగర్ ఎగబాకుతుంది. డెంగీ అయితే జ్వరం దిగిన రోజే ప్రమాదం మొదలయ్యే రోజు కాబట్టి, సూదితో దిగిందో జబ్బు దశ మారి దిగిందో ఎవరికీ తెలియకుండా పోతుంది. డెంగీకి స్టెరాయిడ్లు సిఫారసు చేయరు. ఆ సూది ప్రభావం ఒంట్లో ఒకటిన్నర రోజుకు పైనే ఉంటుంది. పొద్దున ఊళ్లో వేయించుకొని సాయంత్రం నల్లగొండకు వచ్చిన మనిషి, "ఏం సూది వేసిన్రో తెల్వదు" అంటాడు. ఆ చీటీ ఉండదు, సీసా ఉండదు. ఆర్ఎంపీలను నేను అడిగేది ఒకటే. ఏం వేశారో, ఎప్పుడు వేశారో చిన్న కాగితం ముక్క మీద రాసి రోగి జేబులో పెట్టండి.

స్టెరాయిడ్ చెడ్డదని మాత్రం నేననను. 2020 జూన్‌లో బ్రిటన్ నుంచి వచ్చిన రికవరీ ట్రయల్ అనే కరోనా మందుల పరిశోధన ఫలితాలు వేలమంది ప్రాణాలు నిలిపాయి. రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్, పది రోజులకు మించకుండా ఇస్తే, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు ఏ లాభమూ కనిపించలేదు. ఎవరికి, ఎప్పుడు, ఎంత, ఎన్ని రోజులు అనే నాలుగు మాటలూ ఆ పరిశోధనలోనే ఉన్నాయి. మన దగ్గరికి వచ్చేసరికి మందు పేరు మాత్రమే చేరింది. మిగతా నాలుగూ దారిలో రాలిపోయాయి.

దాని ఫలితం 2021 వేసవిలో చూశాం. షుగర్ అదుపులో లేదు, స్టెరాయిడ్ మోతాదు మించింది, రోజులు మించాయి. బ్లాక్ ఫంగస్ అని పేరు పడ్డ మ్యూకార్‌మైకోసిస్ వచ్చింది. గాలిలో, మట్టిలో ఎప్పుడూ ఉండే బూజు అది. మామూలు మనిషిని ఏమీ చేయలేదు. రక్తంలో షుగర్ ఎక్కువై, ఆమ్లం పెరిగి, దానివల్ల ఇనుము విడుదలైన ఒంట్లో మాత్రం వేగంగా పాకుతుంది. మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది. కోఠి ఈఎన్‌టీ దవాఖానను దానికి కేంద్రంగా పెట్టింది. ఆ బూజును చంపే యాంఫోటెరిసిన్ సూదుల కోసం మనుషులు ఊళ్లూళ్లు తిరిగారు. కన్ను తీసేయించుకొని బతికినవాళ్లు మన ఉమ్మడి జిల్లాలోనూ ఉన్నారు. అది కరోనాతో పాటు ఆకాశం నుంచి ఊడిపడ్డ రోగం కాదు. చాలామందిలో దానికి ముందు కొన్ని రోజులపాటు ఎవరూ చూడని షుగర్ ఉంది.

చూసినా, తప్పు వేళలో చూడటం ఇంకో సమస్య. పొద్దున పూట ఇచ్చిన స్టెరాయిడ్ షుగర్‌ను ఎక్కువగా మధ్యాహ్నం తిన్నాక, సాయంత్రానికి పెంచుతుంది. తెల్లవారే వేళకు చాలామందికి కొంత దిగుతుంది. మా దగ్గర రక్తం తీసేది తెల్లవారి ఆరు గంటలకు. 118 అని రాసి పంపుతాం, రౌండుకు వచ్చిన డాక్టర్ షుగర్ బాగుందనుకుంటారు. అదే మనిషికి సాయంత్రం నాలుగింటికి చూస్తే 290 ఉంటుంది. స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లకు పరగడుపు పరీక్ష ఒక్కటే చేయడమంటే, దొంగ వెళ్లిపోయిన వేళ చూసి కాపలా కాయడమే.

ఈ మధ్యలో ఇన్సులిన్ భయం. "ఇన్సులిన్ వద్దు సార్, ఒక్కపారి అలవాటైతే ఇడిసిపెట్టదు" అని సంతకం పెట్టడానికి నిరాకరించిన కొడుకులను చూశాను. ఇన్సులిన్ మత్తుమందు కాదు, అలవాటయ్యేది కాదు. మన ఒంట్లోనే తయారయ్యే హార్మోన్. జ్వరం రోజుల్లో దాని మాట చెల్లడం లేదు కాబట్టి బయటి నుంచి ఇంకొంచెం ఇస్తారు. ఇన్‌ఫ్లమేషన్ తగ్గగానే అవసరం తగ్గుతుంది, చాలామందికి పూర్తిగా ఆపేస్తారు. గోలీలతోనే నెట్టుకొద్దాం అంటే ఆ రోజుల్లో అది ప్రమాదం కూడా. ఒళ్లు బాగా కుంగినప్పుడు, కిడ్నీ మీద భారం ఉన్నప్పుడు మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోలీ ఆపుతారు. మూత్రంలో షుగర్‌ను పంపే కొత్తరకం గోలీలు, పేర్ల చివర గ్లిఫ్లోజిన్ అని ఉండేవి, జ్వరంతో తిండి మానేసిన మనిషి రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలను పెంచగలవు, అదీ షుగర్ అంకె పెద్దగా ఎక్కకుండానే. ఇంట్లోంచి తెచ్చిన గోలీల డబ్బా దిండు కింద పెట్టుకొని, నర్సుకు చెప్పకుండా వేసుకునే పెద్దవాళ్లు ప్రతి వార్డులో ఉంటారు. దయచేసి ఆ డబ్బా తీసి డాక్టర్‌కు చూపించండి.

అంకెను ఎంత దించాలన్న దాని మీద కూడా పట్టుదల వద్దు. ఒకప్పుడు ఐసీయూలో షుగర్‌ను ఇంచుమించు ఆరోగ్యవంతుల స్థాయికి దించాలని గట్టిగా ప్రయత్నించారు. 2009లో వచ్చిన నైస్-షుగర్ ట్రయల్ ఆరు వేల మందికి పైగా రోగుల మీద దీన్ని పరీక్షించింది. 81 నుంచి 108 మధ్య ఉంచాలని పట్టుబట్టిన వర్గంలోనే ఎక్కువ మంది చనిపోయారు, 180 లోపు ఉంటే చాలనుకున్న వర్గంలో తక్కువ మంది. షుగర్ మరీ పడిపోవడం కూడా చంపుతుంది. అందుకే ఇప్పుడు ఎక్కువమందికి 140 నుంచి 180 మధ్య ఉంచుతారు. రిపోర్టులో 165 చూసి, "ఇంక తగ్గలేదేంది?" అని నర్సు మీద అరిచే కొడుకులకు ఈ సంగతి తెలియాలి.

నా వాదనకు ఎదురు చెప్పేవాళ్లు మొదట డబ్బు సంగతి ఎత్తుతారు. అవసరం లేని పరీక్షలు రాసి జేబు ఖాళీ చేస్తారన్న అనుమానం మన జనానికి ఊరికే రాలేదు. 2021లో ఐఎల్-6, ఫెరిటిన్, డీ-డైమర్ పరీక్షలు రోజు మార్చి రోజు చేయించిన బిల్లులు నా కళ్లారా చూశాను. కొన్ని ఇళ్లల్లో దానికోసం పుస్తెలతాడు తాకట్టు పెట్టారు. అదే మనిషి ఫైలులో, స్టెరాయిడ్ ఎక్కుతున్న రోజుల్లో, సాయంత్రం షుగర్ రాసిన గడి ఖాళీగా ఉండేది. కొన్ని పదుల రూపాయల స్ట్రిప్ అది. ఐఎల్-6 ఎంతో తెలిసినా చాలాసార్లు వైద్యం మారేది కాదు. షుగర్ తెలిస్తే ఆ గంటలోనే మారేది. ఖరీదైనదాన్ని కొలిచి చౌకదాన్ని వదిలేయడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. నేనడిగేది ఖర్చు పెంచమని కాదు.

రెండో మాట, అది తాత్కాలికం, దానంతట అదే పోతుంది కదా అని. చాలామందికి పోతుంది, నిజం. ఎవరికి పోతుందో ముందే తెలిస్తే నేనూ ఊరుకుందును. పోయేలోపు పది రోజులు ఉంటుంది, ఆ పది రోజులే ప్రాణం నిలిచేదీ పోయేదీ. ఇక మనుషులు చాలరన్నది. రాత్రి డ్యూటీలో అన్ని మంచాలకు ఒక్క సిస్టర్ ఉండే చోట రోజుకు నాలుగుసార్లు అందరికీ షుగర్ ఎవరు చూస్తారు? దీనికి నా దగ్గర తేలిక జవాబు లేదు. పోస్టులు నింపాలి. అప్పటిదాకా చేరిన రోజు అందరికీ ఒకసారి, అది ఎక్కువ వచ్చినవాళ్లకూ స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లకూ రోజూ సాయంత్రం కూడా ఒకసారి, అంతమాత్రమైనా చేయగలం.

చివరగా ఇంటికి పంపే రోజు. డిశ్చార్జి చీటీలో ప్లేట్‌లెట్లు రాస్తారు, గోలీలు రాస్తారు, వారం తర్వాత రమ్మని రాస్తారు. షుగర్ సంగతి ఉండదు. స్టెరాయిడ్ ఎన్ని రోజులు ఇచ్చారో, ఇంటి దగ్గర ఇంకా ఎన్ని రోజులు వేసుకోవాలో, ఎప్పుడు ఆపాలో కొన్ని చీటీల్లో ఉండదు. చేరిన రోజు షుగర్, హెచ్‌బీఏ1సీ, స్టెరాయిడ్ రోజులు, మళ్లీ పరీక్ష చేయించాల్సిన తేదీ, ఈ నాలుగూ ఒక్క వరుసలో పడతాయి. చీటీ తీసుకునేటప్పుడే అడిగి రాయించుకోండి, మొహమాటపడొద్దు. రెండు నెలల తర్వాతి పరీక్షకు ప్రైవేటు ల్యాబే కావాలని లేదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, పల్లె దవాఖానలో షుగర్ చూస్తారు. ముప్పై దాటినవాళ్లకు బీపీ, షుగర్ చూసి రాసుకునే పని ఏఎన్ఎంలు, ఆశాలు ఎలాగూ చేస్తున్నారు. ముప్పై నిండనివాళ్లు ఆ లెక్కలోకి రారు కాబట్టి, జ్వరంలో షుగర్ పెరిగిన పిల్లలను ఇంటివాళ్లే గుర్తుపెట్టుకొని తీసుకుపోవాలి. డిశ్చార్జి చీటీ మీది ఆ వరుసను మీ ఊరి ఆశాకు చూపించి రిజిస్టరులో ఎక్కించమనండి. తేదీ వేసి పంపినవాళ్లు కొందరు నిజంగానే తిరిగొస్తున్నారు. "రెండు నెలలకు రమ్మన్నరు" అంటే మాత్రం ఎవరూ రావడం లేదు, అందుకే ఏ నెల, ఏ తేదీ అన్నది అంకెల్లో రాయించండి.